మూగవోయిన కంప్యూటరునకు నాడి చూచుట

మా బి.కొత్తకోటలోను మదనపల్లెలోను మోటారులు బాగుచేయు దుకాణములలో గోడకు బిగించిన పలకయొకటి కానవచ్చును. దానిమీద ఒక బల్బు, ఒక సాకెట్టు, రెండు తీగలు తప్ప వేఱేమియు నుండదు. దానినే సీరీసు బోర్డందురు. మిక్సీయో ఫ్యానో చెడివచ్చినప్పుడు మెకానిక్కు దానిని నేరుగా కరెంటునకు తగిలింపక ఈ బల్బు గుండా తగిలించును. బల్బు పూర్తిగా వెలిగెనా, లోపల తీగలు కలిసిపోయినవి. అసలే వెలుగకున్న, ఎక్కడనో తెగినవి. మందముగా వెలిగిన, ప్రాణమున్నది. ఒక్క మఱ విప్పకుండ, ఒక్క తీగ కోయకుండ సగము సంగతి తెలియును. నేడు నేను మీకు మనవి చేయబోవునది ఇట్టి సాధనములను గూర్చియే. ఐతే ఇవి మోటారులకు గాక నలువది సంవత్సరముల నాటి గృహ కంప్యూటరులకు ఉపయోగించునట్టివి.

గృహ కంప్యూటరన నేమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. కీబోర్డులోనే యంత్రమంతయు ఇమిడియుండి, ఇంటి టెలివిజనే తెఱగాను, పాటల క్యాసెట్టే భాండారముగాను పనిచేసిన చిన్న కంప్యూటరులవి. ఇంగ్లండునుండి 1981 డిసెంబరులో బీబీసీ మైక్రోయు, 1982లో సింక్లేరు స్పెక్ట్రమును వెలువడినవి. అమెరికానుండి అదే 1982లో కమొడోరు 64 వచ్చినది. మన దేశమునకు వీనితో సంబంధము లేదనుకొనరాదు. పాఠశాలలలో కంప్యూటరు విద్య నేర్పుటకై భారత ప్రభుత్వమువారు 1984లో క్లాస్ అను పేర ఒక పథకము నారంభించి, మొదట 250 పాఠశాలలను ఎన్నుకొనిరి. వానికి ఇచ్చినవి ఈ బీబీసీ మైక్రోలే. మొహాలీలోని సెమికండక్టరు కాంప్లెక్సు సంస్థవారు వానిని ఇచ్చటనే యూనికార్న్ అను పేరుతో కూర్చిరి. స్పెక్ట్రమును డెసిబెల్స్ అను సంస్థ అనుమతి పొంది మన దేశముననే అమ్మినది. గల్ఫునుండియు అమెరికానుండియు బంధువులు తెచ్చియిచ్చినవి కొన్ని కలవు. ఇవన్నియు ఇప్పుడు అటకలమీదను, పాఠశాలల బీరువాలలోను దుమ్ముపట్టి యున్నవి. అప్పుడప్పుడు ఒకటి నా బల్లమీదికి వచ్చుచుండును.

అట్లు వచ్చిన యొక బీబీసీ మైక్రో సంగతి చెప్పిన, ఈ పరీక్షా సాధనముల అవసరము మీకు బోధపడును. తెచ్చినవారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. పిల్లలకు లెక్కలు నేర్పుటకై తామే వ్రాసికొనిన ప్రోగ్రాములు పది పండ్రెండు ఫ్లాపీలమీద వారియొద్ద కలవు. ఆ ఫ్లాపీలు చదువుటకు వారికి ఈ యంత్రమొక్కటే దిక్కు. నాకంటె ముందు వేఱొక ఊర ఎవరో దానిని బాగుచేయబోయి, తెఱమీద ఏమియు రాకుండుటచేత జ్ఞాపకశక్తి చెడినదని ఊహించి, జ్ఞాపకమునకు సంబంధించిన 16 ఐసీలను కాల్చి ఊడదీసిరి. బోర్డుమీది రాగి గీతలు కొన్ని వానితోబాటే లేచివచ్చినవి. ఇంతకును దోషమెక్కడ? పవరు సప్లై నుండి బోర్డునకు 5 ఓల్టులు తెచ్చు తీగ కొననున్న క్లిప్పు తుప్పుపట్టి వదులైనది. రెండు నిమిషముల పనికి రెండు నెలలు పట్టినది. ఊడిన గీతలకు బదులు వెండ్రుకవంటి తీగలు ఒక్కొక్కటిగా అతికింపవలసివచ్చెను.

ఆ మనిషిని నిందించి లాభము లేదు. కంప్యూటరు దోషము కనుగొనుట నిజముగా కష్టము. రేడియో ఐనయెడల, స్పీకరు మొదలుకొని వెనుకకు ఒక్కొక్క దశనే తాకుచు పోవచ్చును. ధ్వని ఎక్కడ ఆగినదో అక్కడనే తప్పు. కంప్యూటరున అట్లు కాదు. ప్రాసెసరు, ర్యాము, రోము, తెఱను చిత్రించు ఐసీ — అన్నియు ఒకే తీగల కట్టకు వ్రేలాడుచుండును. ఈ కట్టనే బస్సందురు. పేరు విని మదనపల్లె బస్సును తలచిన తప్పులేదు. అందఱును ఒకే వాహనమున పోవలసినవారే గదా. ఒక ప్రయాణికుడు తలుపునకు అడ్డముగా నిలిచిన ఎక్కువారు ఎక్కలేరు, దిగువారు దిగలేరు. అట్లే ఒక్క ఐసీ చెడి ఒక తీగను పట్టుకొని కూర్చుండెనా, మిగిలినవన్నియు మంచివే ఐనను మూగవోవును. పైగా, తన రోగమును తాను చెప్పుటకు యంత్రమునకు తెఱ కావలెను. తెఱకు ర్యాము కావలెను. ర్యామునకు ప్రాసెసరు కావలెను. మాటరాని రోగి వైద్యునికి బాధ చెప్పలేనట్లు, ఏది చెడినదో చెప్పుటకు కావలసినదే చెడియుండును.

ఈ చిక్కునుండి బయటపడుటకు ఇంజనీరులు చేసిన యుపాయములలో మిక్కిలి సరళమైనది స్పెక్ట్రములోని జెడ్80 ప్రాసెసరుమీద చూపవచ్చును. ఈ ప్రాసెసరునకు ఎనిమిది డేటా తీగలు, పదునాఱు అడ్రసు తీగలు కలవు. అది ఒక అడ్రసును చెప్పి, అక్కడ వ్రాసియున్న ఆజ్ఞను డేటా తీగలమీద తెప్పించుకొని, దానిని నెరవేర్చి, తరువాతి అడ్రసునకు పోవును. ఆజ్ఞలలో "ఏమియు చేయకుము" అనునది యొకటి కలదు. జెడ్80 భాషలో దాని సంఖ్య సున్న. కావున మనము ర్యామును రోమును ప్రక్కకు నెట్టి, ఎనిమిది డేటా తీగలను సున్నయందే నిలిపిన, ప్రాసెసరు ఎక్కడ చూచినను "ఏమియు చేయకుము" అను మాటయే వినుచు, 0 నుండి 65,535 వఱకు అడ్రసులు లెక్కించి మరల మొదటికి వచ్చుచుండును. గానుగెద్దు వలె తిరుగుటయే దాని పని. సెకనుకు 35 లక్షల స్పందనల గడియారముతో, ఒక్కొక్క ఆజ్ఞకు నాలుగు స్పందనల చొప్పున, ఒక చుట్టు పూర్తియగుటకు సెకనులో పదమూడవ వంతు పట్టును. కడపటి అడ్రసు తీగకు చిన్న ఎల్.ఇ.డి. దీపము కట్టినయెడల అది సెకనుకు సుమారు 13 మాఱులు మినుకుమినుకు మనును. ఆ మినుకు కనబడెనా, ప్రాసెసరు, గడియారము, రీసెట్టు — మూడును బ్రతికియున్నవి. ఒక ఐసీ సాకెట్టు, కొన్ని రెసిస్టరులు, ఒక దీపము. ఇంతకంటె ఖర్చు లేదు. మా దుకాణపు సీరీసు బోర్డునకు ఇది స్వంత తమ్ముడని నా యభిప్రాయము.

హ్యూలెట్ పాకార్డువారు 1977లో ఈ యుక్తినే ఇంకను ముందునకు తీసికొనిపోయిరి. యంత్రము ఒకే చుట్టు తిరుగుచున్నప్పుడు ప్రతి తీగమీదను ఒకే వరుసలో స్పందనలు వచ్చును గదా. ఆ వరుసనంతటిని పిండి నాలుగక్షరముల ముద్రగా చూపు పరికరమును వారు చేసిరి. మంచి బోర్డుమీద ఏ చోట ఏ ముద్ర రావలెనో పుస్తకమున అచ్చువేసియుండును. చెడిన బోర్డుమీద తాకిచూచి, ముద్ర మాఱిన చోటును పట్టుకొనుటయే. లోపల నడచుచున్నదేమో పూర్తిగా ఎఱుగని మెకానిక్కునకు గూడ దానితో పని జరిగెడిది.

తీగలు బ్రతికియున్నవని తెలిసిన తరువాత రెండవ మెట్టు పరీక్షా రోము. యంత్రములోని రోము, అనగా తయారుచేసినవారు వ్రాసిపెట్టిన చెఱగని జ్ఞాపకము, చెడియుండవచ్చును. లేదా మంచిదైనను, ర్యాము మంచిదను నమ్మకముతో నడచునది కావున, ర్యాము చెడినప్పుడు తానును పడిపోవును. కావున దానిని ఊరకుండుమని చెప్పి, మన రోమును మాటలాడింపవలెను. స్పెక్ట్రము వెనుకనున్న అంచుకు బోర్డులోని తీగలన్నియు వచ్చియున్నవి. వానిలో ఒకదానిని 5 ఓల్టులకు ఎత్తిపట్టిన లోపలి రోము నోరు మూసికొనును. అంతట వెలుపల తగిలించిన పరీక్షా రోము దాని స్థానమున నిలుచును. యంత్రమును విప్పకయే పరీక్ష నారంభింపవచ్చును. ఇట్టి అంచు తలుపు తెఱచియుంచుట తయారుచేసినవారు చేసిన గొప్ప మేలు. వారు ఆటల కార్ట్రిడ్జిలకును ప్రింటరులకును దానిని పెట్టిరి కాని, నలువది ఏండ్ల తరువాత వైద్యునకు పనికివచ్చినది అదియే.

ఈ పరీక్షా రోమును వ్రాయుట మాత్రము సామాన్యమైన పని కాదు. మామూలు ప్రోగ్రాము ఒక చిన్నపనికై పక్కకు పోవునప్పుడు, తిరిగిరావలసిన చోటును ర్యాములో గుఱుతు వ్రాసికొని పోవును. ఇక్కడ అనుమానము ర్యాముమీదనే. దొంగయని అనుమానించిన వానియొద్దనే ఇంటి తాళపుచెవి దాచుకొందుమా? కావున పరీక్షా ప్రోగ్రాము ర్యామును నమ్మి ఒక్క అక్షరమైనను వ్రాసికొనక, ప్రాసెసరు లోపలి కొద్దిపాటి రిజిస్టరులతోనే కాలక్షేపము చేయవలెను. ఫలితమును తెలుపుటకును తెఱమీది అక్షరములు పనికిరావు, అక్షరములుండునది ర్యాములోనే. స్పెక్ట్రము తెఱ చుట్టునున్న అంచు రంగు ర్యాముతో సంబంధము లేనిది. కావున ఆ అంచుమీద ఎనిమిది చారలు గీసి, మంచి ఐసీకి ఒక రంగు, చెడినదానికి ఒక రంగు చూపుట వాడుకయైనది. కొన్ని బోర్డులలో ఎనిమిది ఎల్.ఇ.డి. దీపములే యుండును.

ఎనిమిదే ఎందుకని మీరడుగవచ్చును. ఆ నాటి ర్యాము ఐసీ ఒక్కొక్కటి ఒక్క బిట్టునే మోయును. ఎనిమిది బిట్టుల అక్షరము దాచుటకు ఎనిమిది ఐసీలు, పల్లకి మోయు బోయీలవలె, ఒక్కసారిగా భుజము పట్టవలెను. ఒకచోట సున్నయు ఒకటియు ఒకదాని విడిచి ఒకటిగా వ్రాసి, మరల చదివి, పిదప తలక్రిందులుగా వ్రాసి చదివిన, ఏ బిట్టు తప్పునో ఆ బోయీయే నడుము విఱిగినవాడు. ఇది తెలిసినయెడల పదునాఱు ఊడదీయవలసిన చోట ఒక్కటి తీసిన చాలును. దీనికి తోడు ఇంకొక పరీక్ష చేయవలెను. అడ్రసు తీగ ఒకటి తెగిన, ఐసీలన్నియు మంచివే ఐనను, ఒక యింటికి వ్రాసిన ఉత్తరమును పోస్టుమాను వేఱొక యింట వేసినట్లగును. అందుచేత ప్రతి గడిలోను ఆ గడి సంఖ్యనే వ్రాసి, అంతయు వ్రాసిన తరువాత మొదటినుండి చదివి చూడవలెను. అప్పుడే వ్రాసి అప్పుడే చదివిన ఈ దోషము పట్టుబడదు.

స్పెక్ట్రమును బాగుచేయువారు దీనికంటె ముందే మల్టీమీటరు పట్టవలెనని మఱవరాదు. దాని మొదటి 16 కిలోబైట్ల ర్యాముననున్న 4116 అను ఐసీలకు మూడు విధములైన ఓల్టులు కావలెను: 12, 5, మఱియు మైనస్ 5. వీనిలో మైనస్ 5 రాకుండ 12 వచ్చినయెడల ఐసీలు వేడెక్కి చచ్చును. అట్టి స్థితిలో క్రొత్త ఐసీలు పెట్టుట మంటలో క్రొత్త కట్టెలు వేయుటయే. 48 కిలోబైట్ల స్పెక్ట్రములోని తక్కిన 32 కిలోబైట్ల కథ మఱియు వింతగా నుండును. 64 కిలోబిట్ల ఐసీలలో ఒక సగము చెడినవానిని తక్కువ ధరకు కొని, మంచి సగమును మాత్రమే వాడుకొనునట్లు సింక్లేరు అమర్చెను. పొదుపు చూపువారిలో ఆయనను మించినవాడు లేడు. కావున అచ్చట ఒక ఐసీని మార్చునప్పుడు, తక్కినవానిలో మంచి సగము పైదో క్రిందిదో చూచి మార్చవలెను. లేదా రెండు సగములును మంచివైన ఐసీని పెట్టవలెను.

కమొడోరువారు మరమ్మతు కేంద్రముల కొఱకు తామే యొక కార్ట్రిడ్జి చేసిరి. దాని పేరు డెడ్ టెస్టు, అనగా చచ్చిన యంత్రమునకు చేయు పరీక్ష. అది తగిలించి స్విచ్చి వేసిన, ర్యాము చెడియున్నయెడల తెఱ తళుక్కు తళుక్కున మెఱయును. ఎన్ని మెఱుపులో లెక్కపెట్టిన, తొలినాటి బోర్డులోని ఎనిమిది ఐసీలలో ఏది చెడినదో తెలియును. దీనితోబాటు ఇంకొక సాధనమును వారు ఇచ్చిరి: యంత్రము నుండి వెలుపలికి పోవు తీగలను మరల లోపలికి వచ్చు తీగలకు కలుపు ప్లగ్గుల గుత్తి. తాను నోట పలికినది తన చెవికే వినబడుచున్నదా యని యంత్రము పరీక్షించుకొనును. కీబోర్డు, క్యాసెట్టు, జాయిస్టిక్కు — ఏ ద్వారమున మాట తిరిగిరాదో అచ్చట దోషము. ఒక హెచ్చరిక చేయవలెను. ఈ కమొడోరు పాత పవరు సప్లై చెడునప్పుడు ఆరిపోదు. 5 ఓల్టులకు బదులు ఎక్కువ పంపి ర్యామును చంపును. దానిని కొలువకుండ యంత్రమునకు తగిలించుట, ఏమాత్రము తెలిసినవాడును చేయరాని పని.

బీబీసీ మైక్రోను చేసిన ఏకార్నువారు 1987లో ఆర్కిమిడీసు అను యంత్రమును వెలువరించిరి. దానిలో రిస్క్ ఓఎస్ 3 రోములు పెట్టిన తరువాత పరీక్షా విధానము ఒక మర్యాదను నేర్చినదనవలెను. స్విచ్చి వేయగానే యంత్రము తనంతట తాను పరీక్షించుకొనును. తెఱ మొదట ఊదారంగు, ర్యామును పరీక్షించునప్పుడు నీలము, అన్నియు బాగున్న పచ్చన, లేనియెడల ఎఱుపు. ఎఱుపైనచో ఫ్లాపీ డ్రైవు దీపము మాటలాడుట మొదలుపెట్టును: కుఱచ మెఱుపు సున్న, దీర్ఘమైనది ఒకటి; నాలుగేసి చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తము 32 బిట్టులు. తంతి యాపీసు కట్టుకట వంటిది. కాగితము, పెన్సిలు పట్టుకొని వ్రాసికొన్న, ఏ పరీక్ష తప్పినదో తెలియును. తెఱయే రాని యంత్రమునకు ఈ దీపము ప్రాణదాత. బోర్డుమీద ఇవిగాక చిన్న పిన్నుల వరుసయొకటి యుండును. యంత్రము మేల్కొనగానే, అక్కడ పరీక్షాధికారి ఎవరైన కూర్చున్నాడా యని స్పందనలు పంపి అడుగును. పరీక్షా పెట్టె తగిలించియున్న, సమాధానము వచ్చును. ఇక యంత్రము తన సంగతులన్నియు దానికి చెప్పును, దాని యాజ్ఞలను వినును. లేకున్న, తన దారిన తాను పోవును. కాని ఈ యంత్రమున పరీక్షకంటె ముందు చేయవలసినది మూత తీసి బ్యాటరీని చూచుట. అది కారి, ఆ రసము బోర్డు గీతలను తినివేసినవి చాల కలవు. కారకున్నను దానిని తీసివేయుట మంచిది.

ఐబీఎం తెగకు చెందిన పెద్ద కంప్యూటరుల సంగతి ఒక్క మాటలో ముగించెదను. 1984 నాటి ఏటీ నమూనా మొదలుకొని ఆ యంత్రములు మేల్కొనునప్పుడు ప్రతి మెట్టునకు ఒక సంఖ్యను 80 అను పోర్టునకు పంపును. ఆ సంఖ్యను రెండంకెలుగా చూపు కార్డును మన మెకానిక్కులు డీబగ్ కార్డందురు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డున అడిగిన దొరకును. దానిని చదువుటలో చాలమంది పొరబడుదురు. అక్కడ నిలిచిపోయిన అంకె రోగము పేరు కాదు. యంత్రము ఎంతవఱకు నడచి కూలబడినదో తెలుపు మైలురాయి మాత్రమే. కూలుటకు కారణము ఆ రాయిదగ్గఱ నుండవచ్చును, ఉండకపోవచ్చును.

ఇప్పుడు ఈ సాధనములను కొనలేనివారు చింతింపనక్కఱలేదు. పరీక్షా రోములను ఉత్సాహవంతులు పలువురు వ్రాసి ఉచితముగా పంచుచున్నారు. ఆర్డుయినో వంటి చౌక బోర్డుతో ఊడదీసిన ర్యాము ఐసీని విడిగా పరీక్షించు పెట్టెను ఎవరైన చేసికొనవచ్చును. రాస్ప్‌బెరీ పై పికో వంటివి 3.3 ఓల్టులమీద నడచును. పాత యంత్రములు 5 ఓల్టులవి. నడుమ తగిన ఐసీ లేకుండ కలుపుట క్రొత్తదానికే హాని. ఏ కార్ట్రిడ్జినైనను కరెంటు ఆపియే తగిలింపవలెను, ఆపియే తీయవలెను.

పరీక్షలన్నియు పచ్చగా వచ్చి, యంత్రము మాత్రము అరగంటకొకమాఱు ఆగిపోవుట కూడ కలదు. మా ప్రాంతమున మార్చి, ఏప్రిలు నెలలలో ఇది తఱచు. వేడికి లోపలి అతుకు విచ్చుకొని, చల్లబడగానే కలిసికొనుటయే కారణము. అట్టిదానికి పరీక్షా రోమును ఎడతెగక నడపుచు, వెండ్రుకలు ఆరబెట్టు యంత్రముతో ఒక్కొక్క ఐసీకే వేడిగాలి పట్టించి, చారల రంగు ఎప్పుడు మాఱునో కనిపెట్టియుండవలెను. పలుమాఱులు చెడినది ఐసీ కానేకాదు. ఏండ్లతరబడి వేడెక్కి చల్లబడి సాకెట్టునుండి వెండ్రుకవాసి పైకి లేచినది. కరెంటు తీసి, బొటనవ్రేలితో రెండు కొనలందును సమముగా అదిమి, మరల పరీక్షకు పెట్టవలెను.